పాచినోటితో ఇచ్చిన కఫం

చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుండగా నాకు మొదటిసారి తేడా తెలిసింది. ఆ రోజు ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది. నా తోడల్లుడు సుబ్బారావు నాకంటే ముందు ఎక్కుతున్నాడు. మియాపూర్ వైపు ఒక పెళ్ళికి ఇద్దరం బయలుదేరాం. సగం మెట్ల దగ్గర నాకు ఊపిరి అందలేదు. ఆగితే ఆగిన సంగతి అతనికి తెలుస్తుంది. అందుకని పక్కకు తిరిగి, ఎదురు భవనం మీద కోచింగ్ సెంటర్ వాళ్ళు పెట్టిన ర్యాంకుల బోర్డును చదువుతున్నట్టు నిలబడ్డాను. అందులోని పిల్లల పేర్లన్నీ చదివాను. ఊపిరి ఇంకా కుదుటపడకపోతే హాల్ టికెట్ నంబర్లు కూడా చదివాను.

పైనుంచి సుబ్బారావు నవ్వాడు. "ఏం అన్నయ్యగారూ, మళ్ళీ ఎంసెట్ రాస్తారా ఏంటండీ?"

అతను రొప్పడం లేదు. ఆ రోజు నన్ను బాధపెట్టింది నా ఆయాసం కాదు, అతనికి ఆయాసం లేకపోవడం. మా అత్తగారింటి డాబా మీద పండగ మధ్యాహ్నాలు ఇద్దరం ఒకే పెట్టెలోంచి సిగరెట్లు తీసుకుని కాల్చినవాళ్ళమే. నేనెన్ని తాగానో అతనూ అన్ని తాగాడు. లెక్క ప్రకారం ఇద్దరం ఒకే మెట్టు మీద ఆగాలి.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా తాత కొన్ని ఊళ్ళకు దేశ్‌ముఖ్. కోటలాంటి గడి, భూములు, ఏవీ నా చేతికి రాలేదు. నేను ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, చైతన్యపురిలో ఒక ఫ్లాటులో ఉంటున్నాను. ఆస్తులు పోయినా పద్ధతులు పోనివ్వలేదు. సుబ్బారావు తెనాలి వైపు నుంచి ఫిజిక్స్ పాఠాలు చెప్పుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. చంపాపేట్‌లో మా మామగారి ఇంటి మీది గదిలో కిరాయికి దిగి, మా ఆవిడ చెల్లెలు ఇందిరను పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు ఎల్‌బీనగర్‌లో మూడంతస్తుల ఇల్లు. అతనితో కలిసి బజారుకు వెళ్తే ఎవరో ఒకరు బండి ఆపి కాళ్ళకు దండం పెడతారు. అతని దగ్గర చదివినవాళ్ళలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. దాన్ని దాచిపెట్టి ఈ అనుభవం రాస్తే జబ్బు సగమే రాసినట్టవుతుంది.

దగ్గు అంతకుముందే ఉంది. సిగరెట్ తాగేవాడికి దగ్గు ఉండటం వింత కాదు. కానీ కొన్నాళ్ళుగా దాని తీరు మారింది. ఇదివరకు పొద్దున లేవగానే వచ్చి పోయేది. ఇప్పుడు మాట మధ్యలో వస్తోంది. చొక్కా కాలర్ వదులైంది. మా ఆవిడ వసుంధర అన్నం వడ్డిస్తూ ఒక రోజు అంది, "గీ దగ్గు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఇందిరకు ఫోన్ చేస్త."

"వాళ్ళెందుకు?"

"వాళ్ళకు దవాఖానల ఎరుకున్నోళ్ళున్నరు. మనకెవరున్నరు?"

ఫోన్ నేనే అందించాను.

సుబ్బారావు మమ్మల్ని తీసుకెళ్ళిన ఆసుపత్రి ఎల్‌బీనగర్ దాటాక ఉంటుంది. ఛాతీ డాక్టరు పేరు ప్రణీత. చిన్నది, ముప్పై దాటిన మనిషిలా ఉంది. సుబ్బారావును చూడగానే కుర్చీలోంచి లేచింది. "సార్, మీరెందుకొచ్చిన్రు? చెప్తే నేనే ఇంటికొచ్చేదాన్ని గదా" అంది. ఎంసెట్‌కు అతని దగ్గరే చదివిందట. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చోండి అంకుల్" అంది. పేషెంట్ నేను. సార్ అతను.

నా దగ్గు గురించి అడిగితే "మామూలే" అన్నాను. బరువు తగ్గిన సంగతి చెప్పలేదు. వసుంధర బయట ఇందిరతో కూర్చుంది కాబట్టి చెప్పేవాళ్ళు కూడా లేరు. ఎక్స్‌రే తీశారు. అందులో స్పష్టంగా ఏమీ కనిపించలేదు.

"ఎక్స్‌రేల అన్నీ కనపడవు అంకుల్" అంది డాక్టర్. "మా దగ్గర ఒక స్టడీ నడుస్తుంది. చాలా ఏండ్లు స్మోక్ చేసినవాళ్ళ స్ప్యూటమ్ తీసుకుంటున్నం. అంటే తెమడ. లంగ్స్ లోపల ఊడిపడ్డ సెల్స్ దాంట్ల ఉంటయి. కేన్సర్ మొదలయ్యేటప్పుడు ఆ సెల్స్ డీఎన్ఏ మీద మిథైలేషన్ అని ఒక మార్పు వస్తది. సెల్‌ను కంట్రోల్‌లో పెట్టే జీన్‌కు తాళం పడ్డట్టు అనుకోండి. ఆ తాళాలే మేం వెతికే మాలిక్యులర్ మార్కర్స్. కొందరిలో ఇంకా ఏ బాధా తెలియకముందే అవి దొరుకుతయి."

"సోర్స్ కనపడకముందే సిగ్నల్ అందుతుందన్నమాట" అన్నాడు సుబ్బారావు.

"అంతే సార్, కరెక్ట్."

పాఠం అతనికి అర్థమైనందుకు ఆమె సంతోషపడింది. నేనూ ఒక ప్రశ్న వేయాలనిపించింది. "పాజిటివ్ వస్తే కేన్సరేనా?"

"కాదు అంకుల్. పాజిటివ్ అంటే ఇంకా వెతకాలె అని. నెగటివ్ అంటే లేదని గ్యారంటీ కూడా కాదు. ఇది ఒక్కటి చూసి ఏదీ తేల్చం. మీకు దగ్గుంది కాబట్టి నన్నడిగితే సీటీ ఇప్పుడే తీద్దాం."

"ముందు ఇది రానివ్వండి" అన్నాను. దగ్గు లేని సుబ్బారావుకు అక్కర్లేని స్కాన్ నాకెందుకని నా ఉద్దేశం.

సుబ్బారావూ ఏళ్ళ తరబడి కాల్చినవాడే కాబట్టి స్టడీలో తనూ చేరతానన్నాడు. ఇద్దరికీ మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చారు. పొద్దున లేవగానే, పళ్ళు తోముకోకముందు, మామూలు నీళ్ళతో ఒకసారి పుక్కిలించి, గుండె లోతు నుంచి దగ్గి పడ్డదాన్ని అందులో పట్టాలి. వరసగా మూడు రోజులు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పాచినోటితో మనిషి మనిషితో మాట్లాడడు. లేచాక నోరు కడుక్కుని, నాలుక గీసుకుని, పుక్కిలించాకే మొదటి మాట. పసిపిల్లలకు కూడా ఇదే నేర్పేవాళ్ళు. ఇక కాండ్రించడం, ఉమ్మడం ఇంకొకరి కంట పడే పనులు కావు. మా తాతకు మూతున్న ఇత్తడి ఉగల్దాన్ ఉండేది. అందులో ఉమ్మిన దాన్ని పనివాడు గుడ్డ కప్పి బయటికి తీసుకుపోయేవాడు. తాత ఉమ్మింది ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఇప్పుడు నా చేతిలో లోపలిది బయటికి కనిపించే డబ్బా ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో నా పేరు రాసి ఉంది.

నేను రోజూ చేసేట్టే చేశాను. పళ్ళు తోముకున్నాను. నాలుక గీసుకుంటూ, ఎప్పటిలాగే గట్టిగా కాండ్రించి, రాత్రంతా లోపల పేరుకున్నదాన్ని సింకులో వేసి కుళాయి తిప్పాను. ఉప్పునీళ్ళతో పుక్కిలించాను. తుడుచుకున్నాను. అప్పుడు బాత్రూం గడియ వేసుకుని, డబ్బా మూత తీసి, మర్యాదగా ఉమ్మాను.

తలుపు అవతలి నుంచి వసుంధర అడిగింది. "పండ్లు తోమకముందే ఇయ్యాలన్నది గదా డాక్టరమ్మ?"

"అది అందరికీ చెప్పే మాట."

"మీరు అందర్ల లేరా?"

నేను డబ్బా మూత బిగించాను. మిగిలిన రెండు రోజులూ అలాగే చేశాను.

ఆసుపత్రి కౌంటర్ మీద మా డబ్బాలు పక్కపక్కన పెట్టారు. సుబ్బారావుది చిక్కగా, బూడిద రంగులో, చూడటానికే ఎబ్బెట్టుగా ఉంది. నాది మంచినీళ్ళలా తేటగా ఉంది. అతని ముందు నిలబడి నాకు అంత తృప్తి కలిగిన సందర్భాలు చాలా తక్కువ.

రిపోర్టులు వచ్చాక నలుగురం వెళ్ళాం. డాక్టర్ ముందు సుబ్బారావుతో మాట్లాడింది. "సార్, మీ శాంపిల్‌లో మార్కర్స్ పాజిటివ్ వచ్చినయి. పరేషాన్ కావొద్దు. లో డోస్ సీటీ తీద్దాం, దాంతో తెలుస్తది." ఇందిర అక్కడే కన్నీళ్ళు పెట్టుకుంది. వసుంధర చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ సందట్లో డాక్టర్ నా కాగితం నాకిస్తూ, "అంకుల్, మీది ఇనడిక్వేట్ అని వచ్చింది. మళ్ళీ ఇయ్యాలె" అంది. నేను తలూపి కాగితం జేబులో పెట్టుకున్నాను.

నాకు ఇంగ్లీషు రాదని కాదు. ముప్పై ఏళ్ళు ఆ భాషలో నోట్ ఫైళ్ళు రాశాను. కానీ మనసు తనకు కావలసినట్టు చదువుకుంటుంది. చాలినంత లేదంటే చాలినంత చెడు నాలో లేదని చదువుకున్నాను. అడిగిన బంధువులకు, "నాదాంట్లో ఏమీ దొరకలేదు" అని చెప్పాను. ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

సుబ్బారావు సీటీలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గడ్డలాంటి నాడ్యూల్ కనిపించింది. పెట్ స్కాన్ తీశారు. ఇంకెక్కడికీ పాకలేదు. కీహోల్ పద్ధతిలో ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. బయాప్సీలో కేన్సరే అని తేలింది. స్టేజ్ వన్. కీమో అక్కర్లేదన్నారు. కొద్ది రోజుల్లోనే ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత ఎల్‌బీనగర్ ఇల్లు తిరునాళ్ళలా మారింది. పాత విద్యార్థులు, బంధువులు, చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాళ్ళు. అందరి నోటా ఒకే మాట, "ముందే దొరికింది." వసుంధర పొద్దున్నే వాళ్ళకు క్యారియర్ కట్టి తీసుకెళ్ళేది. మా వంటింట్లో అతనికి నచ్చే గోంగూర పప్పు ఉడికేది. నాకు అందులోంచి మిగిలింది పెట్టేది. నా దగ్గు ఇప్పుడు పక్కగదిలో ఎవరో దగ్గినట్టు ఆమె చెవికి ఎక్కడం మానేసింది. ఎవరైనా పరామర్శకు వస్తే సుబ్బారావు బనియన్ పక్కకు లాగి తన చిన్న చిన్న గాట్లు చూపించేవాడు. కేన్సర్‌లో కూడా అతనికి మంచి ర్యాంకే వచ్చింది. అతను సిగరెట్ మానేశాడు. అతను మానేశాడు కాబట్టి నేను మానలేదు.

ఆసుపత్రి వాళ్ళు రిపీట్ శాంపిల్ కోసం నాకు ఫోన్లు చేసేవారు. "రేపొస్తా" అనేవాణ్ణి. ఒక సాయంత్రం దగ్గితే రుమాలు మీద సన్నటి ఎర్రటి దారంలాంటిది కనిపించింది. గొంతు వేడి చేసిందనుకున్నాను. రుమాలు నేనే ఉతుక్కున్నాను.

సుబ్బారావును ఆపరేషన్ తర్వాత చూపించాల్సిన రోజున ఇందిరకు జ్వరం వచ్చింది. తోడు నన్ను వెళ్ళమన్నారు. డాక్టర్ ప్రణీత గదిలో ఇద్దరు ముగ్గురు జూనియర్లున్నారు. వాళ్ళకు ఆమె అతన్ని పరిచయం చేసింది. "మన స్టడీలో బెస్ట్ శాంపిల్ అన్నా కదా, ఈ సార్‌దే. స్ప్యూటమ్ ఎట్లుండాలె అని అడిగితే నేను ఈ సార్ స్లైడే చూపిస్తా." ఆ పిల్లలు అతని వైపు గౌరవంగా చూశారు.

చదువుకు గౌరవం దక్కడం చూశాను. భూమికి దక్కడం చూశాను. కఫానికి గౌరవం దక్కడం అప్పుడే చూశాను. దాన్ని కూడా నేను ఓర్వలేకపోయాను.

"అంకుల్, మీరు రిపీట్ ఇయ్యనే లేదు" అంది డాక్టర్.

"చాలినంత రాలేదన్నారు కదా. మా వంశంలో ఛాతీలు శుభ్రంగా ఉంటాయి."

"అవునమ్మా" అన్నాడు సుబ్బారావు, మొహం మామూలుగా పెట్టి. "వాళ్ళది దొరల కళ్ళె. పిలిస్తే రాదు. పల్లకీ పంపాలి."

జూనియర్లు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "రేపే ఇస్తా. నీకంటే మంచిది ఇస్తా" అన్నాను. పెళ్ళయినప్పటి నుంచి నేనతన్ని మీరు అనే పిలిచాను. నువ్వు అనడం అదే మొదలు.

"ఉండండి అంకుల్" అంది డాక్టర్. "పోయినసారి ఎట్ల పట్టిన్రు? లేవంగనేనా?"

నేను దాచలేదు. నోరు కడుక్కోవడం, నాలుక గీసుకోవడం, ఉప్పునీళ్ళు, అంతా వరసగా చెప్పాను. శుభ్రంగా ఇచ్చానని గర్వంగానే చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"శాంపిల్ లంగ్ లోపలి నుంచి వచ్చిందా లేదా అని ముందు చూస్తం. ఆల్వియోలార్ మాక్రోఫేజెస్ అని కొన్ని సెల్స్ ఉంటయి, అవి ఉంటేనే స్ప్యూటమ్ అంటం. మీదాంట్ల అవి ఒక్కటి లేవు. నోటి సెల్స్ తప్ప ఏం లేవు. మీరిచ్చింది స్ప్యూటమ్ కాదంకుల్, లాలాజలం. అసలుది సింకులో పోయింది. మీ లంగ్స్‌ను మేమింకా చూడనే లేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. సుబ్బారావు కూడా.

మర్నాడు లేచాక నోట్లో నీళ్ళు పోసి ఊసి, మంచం మీదే కూర్చుని డబ్బా పట్టుకున్నాను. వసుంధర ఎదురుగా నిలబడింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. రోజూ సింకు ముందు దానంతట అదే వచ్చేది, ఆమె చూస్తుంటే గొంతులోనే ఆగిపోయింది. "నేను అటు దిరుగుతా, కానియ్యండి" అని ఆమె గోడ వైపు తిరిగింది. అయినా రాలేదు. ఇంట్లో రాకపోతే పళ్ళు తోమకుండానే ఆసుపత్రికి రమ్మని, నెబ్యులైజర్ పెట్టి తెప్పిస్తామని డాక్టర్ చెప్పి ఉంది.

అలా నా జీవితంలో మొదటిసారి పాచినోటితో గడప దాటాను. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మెట్రో ఎక్కాను. మా ఊళ్ళో మా పశువులు చూసుకున్న యాదయ్య కొడుకు శ్రీశైలం అదే పెట్టెలో కనిపించాడు. తుర్కయంజాల్ వైపు ప్లాట్లు అమ్ముతాడు, మెడలో లావుపాటి గొలుసు, చేతికి ఉంగరాలు. పక్కన ఇంకొకతను ఉన్నాడు.

"నమస్తే దొరా. మంచిగున్నరా? అమ్మగారు మంచిగున్నదా?"

నోరు విప్పితే మా పద్ధతి పోతుంది. విప్పకపోతే మర్యాద పోతుంది. నేను తలూపి ఊరుకున్నాను. రుమాలు తీయలేదు. అతను కొంచెం సేపు చూసి, పక్కనతనితో మెల్లగా, నాకు వినపడేట్టే అన్నాడు. "సూసినవా? గడి కూలినా గర్వం కూలలే."

అతనికి జవాబు చెప్పడానికి నాకెన్నో మాటలు వచ్చాయి. ఎల్‌బీనగర్ స్టేషన్ దాకా అన్నింటినీ నోట్లోనే ఉంచుకున్నాను. స్టేషన్ కింద సుబ్బారావు ఎదురు చూస్తున్నాడు. ఏమైందండీ అని అడిగాడు. అతనితోనూ మాట్లాడలేదు.

ఆసుపత్రిలో నన్ను ఒక పరదా వెనక కూర్చోబెట్టి మాస్కు తగిలించారు. ఉప్పునీటి ఆవిరి లోపలికి పోతుంటే సముద్రం మింగినట్టు ఉంటుంది. అవతలి పరదాల వెనక ఇంకెవరో దగ్గుతున్నారు, ఉమ్ముతున్నారు, ఎవరికీ సిగ్గు లేదు. నేను మాత్రం మర్యాదగా, పైపైన దగ్గాను. పరదా బయట నుంచి సుబ్బారావు గొంతు వినిపించింది. "పైపైన దగ్గితే రాదండీ. అడుగు నుంచి లాగండి. నా మీద కోపం గుర్తు తెచ్చుకోండి అన్నయ్యగారూ."

తెచ్చుకున్నాను. మూడంతస్తుల ఇల్లు, కాళ్ళకు దండాలు, గోంగూర పప్పు, శ్రీశైలం ఉంగరాలు, అన్నీ గుర్తు తెచ్చుకున్నాను. పొట్ట అడుగు నుంచి దగ్గు కదిలింది. బరువుగా ఏదో వచ్చి డబ్బాలో పడింది. తుప్పు రంగులో ఉంది, దానిలో ఎర్రటి చారలున్నాయి.

డాక్టర్ డబ్బాను వెలుతురుకు పట్టి చూసింది. "ఇది స్ప్యూటమ్" అంది.

"సుబ్బారావుది కంటే?"

"ఫస్ట్ క్లాస్ అంకుల్." కానీ ఆమె నవ్వడం లేదు. "ఈ బ్లడ్ ఎన్ని రోజుల నుంచి పడుతుంది?"

చెప్పాను. బరువు సంగతి కూడా అప్పుడే చెప్పాను. మార్కర్స్ రిపోర్టు కోసం ఆమె ఆగలేదు. అప్పటికప్పుడే కాంట్రాస్ట్ సీటీకి పంపింది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉంది. గుండె నీడలో దాక్కుని ఉంది కాబట్టి ఎక్స్‌రేలో దొరకలేదట. సుబ్బారావుది శనగగింజంత అయితే నాది నిమ్మకాయంత. గొంతులోంచి గొట్టం దింపి, బ్రాంకోస్కోపీ చేసి ముక్క తీశారు. స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం కేన్సర్. పెట్ స్కాన్‌లో పక్కనున్న ఒక లింఫ్ నోడ్ కూడా వెలిగింది. స్టేజ్ టూ. మార్కర్స్ రిపోర్టు తర్వాత వచ్చింది. సుబ్బారావుకు తాళం పడ్డ జీన్లకంటే నాకు ఎక్కువ జీన్లకు పడిందని రాసి ఉంది. ఒక్క క్షణం నాకు గెలిచినట్టు అనిపించింది. మరుక్షణం ఆ కాగితాన్ని బోర్లా పెట్టేశాను.

వరండాలో వసుంధర, "మొదలు పట్టినప్పుడే గిట్ల ఇచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. మిగతాది నేను డాక్టర్‌ను అడిగాను. ఆ మధ్య నెలల్లో ఇది పెరిగిందా అని.

"చెప్పలేం అంకుల్. కొంత పెరిగే ఉంటది. స్టేజ్ మారిందా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న మీద ఇప్పుడు టైం పెట్టకండి. ఆపరేషన్ చేసే స్టేజ్‌లోనే ఉన్నరు, అది చూడండి."

నాకు కీహోల్ కుదరదన్నారు. వీపు పక్కగా పెద్ద కోత పెట్టి కింది లోబ్ మొత్తం తీసేశారు. ఛాతీలోకి పెట్టిన గొట్టం అతనికి రెండో మూడో రోజు తీసేశారు కదా, నాకూ అంతే అనుకున్నాను. నాకు గాలి లీకవుతూనే ఉంది. దగ్గినప్పుడల్లా మంచం పక్కనున్న సీసాలో బుడగలు వచ్చేవి. సర్జన్ రోజూ వంగి చూసి, "ఇంకా ఉంది" అని వెళ్ళిపోయేవాడు. తర్వాత జ్వరం వచ్చింది, మందులు మార్చారు. నా తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళు నా ముందు నుంచే ఇంటికి నడిచి వెళ్ళారు. వాళ్ళ చెప్పుల చప్పుడు కూడా నాకు నచ్చేది కాదు.

ఎట్టకేలకు గొట్టం తీశారు. గాయం మానాక కీమో మొదలైంది. నోడ్ ఉంది కాబట్టి తప్పదన్నారు. సిస్‌ప్లాటిన్ ఎక్కుతున్నంతసేపూ నోట్లో పాత ఇనుము రుచి. ఇంట్లో తిరగమోత వాసనకు కడుపు తిప్పేది. జుట్టు పోయింది. వసుంధర బత్తాయి రసం తెస్తే గ్లాసు చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. డే కేర్ వార్డులో పక్క మంచం అతను డ్రిప్ నడుస్తుండగానే ఇడ్లీలు తినేవాడు. అతని మీద కూడా నాకు అసూయే.

సుబ్బారావు ప్రతిసారీ వచ్చి నా మంచం పక్కన కూర్చునేవాడు. పేపర్ చదివేవాడు, డ్రిప్ చుక్క ఎంతసేపటికి పడుతుందో లెక్కగట్టి నర్సుకు చెప్పేవాడు. అతని జుట్టు అతనికి ఉంది. మొహంలో కళ వచ్చింది. మూడోసారో ఏమో, నేను తట్టుకోలేకపోయాను.

"నువ్వు రావొద్దు. నిన్ను చూస్తే నాకు ఇంకా ఎక్కువ వికారంగా ఉంటుంది."

అతను పేపర్ మడిచాడు. "నేను రాకపోతే ఎవర్ని చూసి కుళ్ళుకుంటారండీ మీరు? ఈ వార్డులో మీ స్థాయికి తగ్గవాడు ఒక్కడైనా ఉన్నాడా? కుళ్ళుకునే ఓపిక ఉన్నంతకాలం మనిషికి ఏం కాదు."

"నీకేం తెలుసు కుళ్ళు సంగతి."

"నాకు తెలీదా?" అన్నాడు. "మా పెళ్ళయిన కొత్తల్లో మీరొస్తే మావగారు లేచి నిలబడేవారు. కండువా సర్దుకుని మరీ నిలబడేవారు. నాకు కూర్చునే చెప్పేవారు, రా కూర్చో అని. చచ్చేదాకా అంతే. నేను ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను, ఊళ్ళో అందరూ లేచారు. ఆయన ఒక్కడూ లేవలేదు అన్నయ్యగారూ."

ఆ మాట నాకు తెలియదు. నేనది గమనించను కూడా లేదు. వాంతులాపే మందులు పనిచేయని ఆ మధ్యాహ్నం ఆ మాట బాగా పనిచేసింది. పక్క మంచం అతన్ని అడిగి ఒక ఇడ్లీ తీసుకుని, సగం తిన్నాను. వసుంధర వచ్చి చూసి, "గిదేంది, నేను జేస్తె తినలే" అంది. సుబ్బారావు నవ్వుతూ ఉంటే నేను కళ్ళు మూసుకున్నాను.

కీమో పూర్తయింది. అప్పటి నుంచి తీసిన స్కాన్లలో ఇంతవరకు కొత్తగా ఏమీ కనిపించలేదు. పోయిందని డాక్టర్ అనదు, "ఇప్పటికి క్లియర్" అంటుంది. నేనూ అంతే అంటున్నాను. సిగరెట్ మానేశాను. చేతివేళ్ళు ఇంకా కొంచెం తిమ్మిరిగా ఉంటాయి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి సమయం పడుతుంది. చలికాలంలో కోత దగ్గర లాగుతుంది. పొద్దున్న సుబ్బారావు, నేను ఎల్‌బీనగర్‌లో ఒక పార్కులో నడుస్తాం. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీలో అతని అంకె నాదానికంటే పైనే ఉంటుంది, ఎప్పటికీ ఉంటుందట. రిపోర్టు వచ్చినప్పుడల్లా ముందు అతనిదే అడిగి తీసుకుని చూస్తాను. ఈ గుణం ఆపరేషన్‌లో పోలేదు. డాక్టర్ ప్రణీత స్టడీకి ఇద్దరం ఇప్పటికీ శాంపిల్ ఇస్తున్నాం. ఆ రోజుల్లో నోరు కడుక్కోకుండానే వసుంధరతో మాట్లాడుతున్నాను. ఆమెకు మొదట వింతగా ఉండేది. ఇప్పుడు కాఫీ కలుపుతూనే జవాబు చెబుతోంది.

ఇది చదువుతున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కఫం గానీ రక్తం గానీ ఇంకేదైనా గానీ పరీక్షకు ఇచ్చాక, శాంపిల్ సరిపోలేదని రిపోర్టు వస్తే, దాన్ని మంచి కబురుగా జేబులో పెట్టుకోకండి. మిమ్మల్ని వాళ్ళింకా చూడలేదని దాని అర్థం. ఆ వారంలోనే మళ్ళీ వెళ్ళండి. ఎలా ఇవ్వమన్నారో అలాగే ఇవ్వండి, ఎంత అసహ్యంగా ఉన్నా, ఎవరు చూస్తున్నా. మీ ఇంట్లో దానికి ఒప్పుకోని పద్ధతి ఏదైనా ఉంటే ఆ పూటకు పక్కన పెట్టండి. పద్ధతి మర్నాటికీ ఉంటుంది. దాన్ని పాటించడానికి మనం ఉండాలి.